పెద్దన్న చేతిమీది చప్పుడు

చిరంజీవి చిట్టికి,

అమ్మ దీవించి రాసేది. ఇక్కడ నాన్నా నేనూ కులాసా. నువ్వు వేళకి తింటున్నావనీ, డ్యూటీ అయ్యాక కాస్త కునుకైనా తీస్తున్నావనీ తలుస్తాను. నీ ఉత్తరం అందింది. నర్సు చదువుకి వెళ్లి చేతిరాత మాత్రం డాక్టర్లది పట్టుకొచ్చిందని నాన్న సణిగారు. సణుగుతూనే రెండుసార్లు చదివి, మూడోసారి నా చేత చదివించుకున్నారు.

ముందు నువ్వడిగినదానికి జవాబు. మందు ఎక్కించే పంపు మీద ఫోను పెట్టావని పెద్ద సిస్టరు అందరి ముందూ చీవాట్లు పెట్టిందనీ, అది చాదస్తమా నిజమా అనీ అడిగావు. నిజమే తల్లీ. ఇప్పటి యంత్రాలు గట్టివే, ఫోను నీడ పడగానే మూర్ఛపోవు. కానీ ఫోనుకి ఒక గుణం ఉంది. టవరు దగ్గరుంటే గుసగుసలాడుతుంది, సిగ్నలు అందకపోతే గొంతు చించుకుంటుంది. మీ వార్డులో సిగ్నలు ఉండదన్నావు కదా, అక్కడ అది అరుస్తూనే ఉంటుంది. కాపలావాళ్ల వాకీటాకీది మరీ పెద్ద నోరు. ఆ అరుపు పంపు లోపలికి దూరితే అది ఉత్తుత్తి అలారం కొట్టొచ్చు, ఆగిపోనూ వచ్చు. దానికి విరుగుడు దూరమే. ఫోను బారెడు దూరం జరిపావంటే అరుపు గొణుగుడైపోతుంది. వాకీటాకీని గది బయటే ఉండమను. సిస్టరుకి నా తరఫున దండం పెట్టు.

ఇక్కడి సంగతి నీకు కొత్తగా చెప్పాలా? మా పెద్ద పళ్లెం యంత్రం నక్షత్రాల నుంచి వచ్చే రేడియో చప్పుళ్లు వింటుంది. అవి ఎంత సన్నవంటే, పక్కన ఒక్క ఫోను మేలుకున్నా దాని చెవికి బ్యాండుమేళమే. అందుకే ఈ కొండ మీద ఫోను లేదు, వైర్‌లెస్ వస్తువేదీ లేదు, మనకీ ఉత్తరాలు తప్పలేదు. అలాంటి దొంగ చప్పుళ్లని ఏరియల్ పట్టుకుని వెతకడమే కదా నీ తల్లి ఉద్యోగం. పోయిన నెల ఒకటి దొరికింది. అది చెప్పాలనే ఇంత పెద్ద ఉత్తరం.

పళ్లెం విన్నది చూపించే తెర మీద సన్నని గీత ఒకటి పడడం మొదలైంది. వస్తుంది, పోతుంది, కాసేపాగి మళ్లీ వస్తుంది. సైంటిస్టులు జుట్టు పీక్కున్నారు. నేను ఏరియల్ భుజాన వేసుకుని వర్క్‌షాపు, జనరేటరు గది, గెస్టుహౌసు అన్నీ తిరిగాను. చప్పుడు భోజనశాల దగ్గర పెరిగింది, వంటగదిలో ఇంకా పెరిగింది. చివరికి వంటాయన ఎటు కదిలితే నా మీటరు ముల్లు అటే కదిలింది. నీకు చిన్నప్పుడు పంచదార దోసిట్లో పోసిచ్చిన పెద్దన్నే.

అడిగితే మనిషి దాచలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. దండ మీద రూపాయి బిళ్లంత తెల్లటి సెన్సరు. షుగరు పడిపోతుంటే జేబులో దాచుకున్న ఫోనుకి కబురు పెట్టే వస్తువు. చాలా ఏళ్ల షుగరు కదా, పడిపోయే ముందు వచ్చే వణుకూ చెమటా ఇప్పుడు ఆయనకి తెలియడం లేదట. ఒకసారి ఇంట్లో పొయ్యి ముందే కూలబడితే భార్య పట్టుబట్టి ఇది పెట్టించింది. ఇక్కడ చెబితే ఉద్యోగం పోతుందని చెప్పలేదు.

“తీసెయ్యమంటే తీసేస్తా చెల్లెమ్మా,” అన్నాడు. “నువ్వు చెప్తే మాత్రం వాదించను.”

వాదించి ఉంటే బాగుండేది. నేను రూలు మనిషిని. మా డైరెక్టరు పెద్దసారు ఏదో ఒకటి తేల్చేదాకా తీసి ఉంచమన్నాను. ఆయన పీకి, ఫోనుతో సహా నా చేతిలో పెట్టాడు. గీత మాయమైంది. అందరూ నన్ను మెచ్చుకున్నారు, నేనూ పొంగిపోయాను.

ఆ సాయంత్రం టీ కోసం వెళితే పెద్దన్న సింకు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. గరిటె చేతిలోనే ఉంది. చొక్కా తడిసి ముద్దయింది. పిలిస్తే నా వైపు చూశాడు గానీ నేనెవరో తెలియలేదు. పొయ్యి మీద నూనె పొగలు కక్కుతోంది. మంట ఆర్పి, పంచదార నీళ్లలో కలిపి కొద్దికొద్దిగా తాగించాను. కంగారులో సగం ఆయన ఒళ్లోనే పోశాను. తెలివి రాగానే ఆయన మొదట అడిగింది కూర మాడిందా అని.

మర్నాడు పెద్దసారు దగ్గరికి వెళ్లాను. యంత్రానికి చప్పుడు పడదు, ఆ మనిషికి చప్పుడు లేకపోతే కుదరదు, కాబట్టి దూరమే దారి అన్నాను. వంటగదిని గేటు అవతలికి, కొండ అడ్డు ఉన్న పాత గోడౌనులోకి మార్చమన్నాను. ఖర్చన్నారు, ఆలస్యమన్నారు. నేను కుర్చీలోంచి లేవలేదు. చివరికి ఆయనే వెళ్లి పెద్దన్నతో మాట్లాడి వచ్చి, సరేనన్నారు. ఇప్పుడు భోజనం వ్యానులో వస్తోంది, గోరువెచ్చగా. విశ్వం పుట్టుక గురించి ఏనాడూ గొంతు పెంచని మహానుభావులు చల్లారిన కూర గురించి రోజూ పోట్లాడుకుంటున్నారు. పెద్దన్న కొత్త బిళ్ల పెట్టుకుని హాయిగా ఉన్నాడు.

గోడౌనుకి మారడానికి వంటసామాన్లు సర్దుతున్న రోజు ఆయన నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. “మెట్లెక్కుతూ మధ్యలో గోడ పట్టుకుని ఆగిపోతున్నావు. ఒకసారి కాదు, చాలాసార్లు చూశా. నా చేతిమీది దాన్ని వెతికి పట్టుకున్నావు. నిన్నెవరు వెతకాలి చెల్లెమ్మా?”

చిట్టీ, అక్కడే కూర్చుని ఏడ్చాను. నీకు చెప్పనిది ఇదే. ఎండాకాలంలో పళ్లెం మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాను. మోకాలి దెబ్బకి కాలు జారిందని నీకు రాశాను, నాన్నకీ అదే చెప్పాను. ఒక్కదాన్నే పట్నం పోయి చూపించుకుంటే, గుండె ఉండుండి ఒక దెబ్బ మరిచిపోతోందన్నారు. దాన్ని నడిపించే పేస్‌మేకరు ఛాతీలో పెట్టించుకోవాలి. అది ఎలా నడుస్తోందో ఆసుపత్రికి చెప్పే వైర్‌లెస్ పెట్టె మంచం పక్కన ఉండాలి. ఆ పెట్టె ఈ కొండ మీద కుదరదని నాకన్నా ఎవరికి తెలుసు? నువ్వు పుట్టిన ఇల్లు, నా పని, రెండూ వదలాలి. మళ్లీ రమ్మన్న తారీఖుకి వెళ్లలేదు. భయం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. భయమే.

మొన్న నాన్నకి చెప్పాను. లేచి వెళ్లి గోడకున్న అల్మారాల మేకులు ఊడదీయడం మొదలుపెట్టారు. భోజనానికి పిలిస్తే, “ఇన్నాళ్లూ నా పక్కనే పడుకున్నావు,” అన్నారు. అంతే. నీకు కోపం వస్తే నువ్వు అరువు. ఆ మౌనం మాత్రం నావల్ల కాదు.

వచ్చే నెల మొదటి సోమవారం ఆపరేషను. తరవాత కొండ కింద క్వార్టర్సుకి మారతాం. పెద్దసారు నన్ను గేటు గదిలో వేశారు, వచ్చేవాళ్ల ఫోన్లు తీసి పెట్టే పని. ఏరియల్ కొత్తమ్మాయికి అప్పగించాను. అప్పగించాక చేతులు ఊరికే ఉండలేక ఈ కలం పట్టుకున్నాను.

సెలవు దొరికితే రా. నర్సువి కాబట్టి కాదు, ఊరికే రా. తలగడ కింద ఫోను పెట్టుకునే అలవాటు ఇంకా ఉంటే, ఆ ఒక్కటీ అవతలి బల్ల మీద పెట్టు. పేస్‌మేకరు బిళ్ల ఎడమవైపు పెడతారట. నువ్వు నా కుడివైపు పడుకో. నీకు మాత్రం దూరం అక్కర్లేదు.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ