లాంటానా అని రాసిన వాలు

శుక్రవారం, రాత్రి

ఎంత కడిగినా గోళ్లలో ఎర్ర దుమ్ము పోలేదు. ఈరోజు సండూరు కొండల్లో గని కోసం అడవి వాలు సర్వే. గని రోడ్డు పక్కన ప్రతి ఆకూ ఎర్రగానే ఉంటుంది. సర్వే సారు జీపు దిగకుండానే వాలంతా లాంటానా అనేశాడు. లాంటానా అంటే పనికిరాని కంప. ఆ మాట రాసుకుంటే చాలు, అడిగేవాడు లేకుండా బుల్డోజరు దించుతారు.

టేపు పట్టే కూలివాణ్ని, నాకెందుకు? అయినా దిగాను. ఆకు ముట్టుకుంటే ఉన్నిలా మెత్తగా ఉంది, ముల్లు లేదు. కాడ నాలుగు పలకలుగా ఉంది. నేను తాగే నీళ్లు పోసి కడిగితే ఊదా పూవు బయటపడింది, కింది పెదవి వేలాడుతూ. రెండేళ్లుగా ఫోనులో చూసి నేర్చుకున్న గుర్తులే ఇవన్నీ.

“సార్, ఇది లాంటానా కాదు, మోగబీర. పుదీనా జాతిది. ఈ అడవిదే.”

“పుదీనా అంట సార్, చట్నీకి కోసకపోదామా?” అన్నాడు డ్రైవరు.

సారు నవ్వలేదు. దిగొచ్చి పూవు చూశాడు. “నువ్ చెప్పేది హౌదప్పా, నిజమే. అయితే ఏం చేస్తాం? రిపోర్టు నిన్ననే పోయిండాది. ఈ పొద్దు ఫోటోల కోసరమే వచ్చిండేది.”

కాదంటాడనుకుని ఎన్ని మాటలు సిద్ధం చేసుకున్నానో. ఒప్పేసుకునేసరికి అవన్నీ దండగ. వెధవ చదువు.

కడిగిన ఆ పూవు ఫోటోలో పడకుండా సారు నన్ను అడ్డంగా నిలబడమన్నాడు. నిలబడ్డాను.