కూయని స్పీకరు

చీపురుపల్లి,
నవంబరు 2015

ప్రియమైన మెర్సీ నాన్నకు,

మీరు క్షేమంగా చేరారని ఎవరూ చెప్పలేదు. చేరలేదేమో అన్న భయంతోనే రాస్తున్నాను. ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. గంగులు లారీ గోగునార వేసుకుని మీరున్న మిల్లుకే వస్తోందంటే ఈ ఉత్తరం అతని చేతికిస్తున్నాను.

షుగరు మాత్రలు స్క్రూడ్రైవర్ల సంచిలో పెట్టాను, చూసుకున్నారా? రాయగడ అవతల చలి ఎక్కువట. తడి చేతులతో ఆ కంప్యూటరు వెనక చెయ్యి పెట్టకండి. ఇంత వయసులో పాత డబ్బాలు బాగుచెయ్యడానికి రాష్ట్రం దాటాలా అన్నాను. మీరు వినలేదు.

ఇంకొక్క మాట. వెళ్ళేముందు కొన్నాళ్ళుగా నేను పిలిస్తే పలకడం మానేశారు. కీబోర్డులు వసారాలో పెట్టి వానకు తడిపేశానని ఇంకా కోపమా? కోపముంటే తిట్టండి. మాట్లాడకపోతే నాకు అన్నం దిగదు.

జవాబు గంగులుకే ఇవ్వండి.

దిగులుతో,
మీ అప్పలమ్మ

*

మిల్లు కాటా గది నుంచి

ప్రియమైన అప్పలమ్మా,

చేరాను. మాత్రలు వేసుకుంటున్నాను. ఇక్కడన్నీ కొండలు, ఫోనుకి సిగ్నల్ ఉండదు, చెయ్యకు.

ఇక్కడి డబ్బా మన మెర్సీ పదో తరగతిలో ఉన్నప్పుడు నేను బిగించినదే. లారీల తూకమంతా దీని మీదే. ఆ ప్రోగ్రాం కొత్త డబ్బాల మీద నడవదు. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, తెర మీద బొమ్మ రావడం లేదు. మెమరీ ముక్కల పళ్ళు రబ్బరుతో రుద్ది పెట్టాను. లాభం లేదు.

బొమ్మ రాని డబ్బా తన జబ్బేమిటో కూత కూసి చెబుతుంది, నీకు తెలుసు కదా. ఇది కూయడం లేదు. స్పీకరు చచ్చిపోయినట్టుంది. ఏ ముక్క పోయిందో తెలియకుండా అన్నీ మార్చి చూడటానికి ఇక్కడ సామాను లేదు. మన షాపు పై సొరుగులో నల్ల స్పీకరు ఉంది, అది గంగులుకిచ్చి పంపు.

మేనేజరు ఆదివారం దాకా గడువిచ్చాడు. ఆ తర్వాత కొత్తవి తెప్పిస్తాడట, ఇది తుక్కుకి పోతుంది. నన్ను పిలిచే పాత డబ్బాలు ఇంకెక్కడా మిగల్లేదు. దీనితో నా పనీ ముగిసినట్టే.

కోపమేమీ లేదు.

ప్రభువు నిన్ను కాపాడుగాక,
కృపానిధి

*

చీపురుపల్లి

ప్రియమైన మెర్సీ నాన్నకు,

స్పీకరు పంపుతున్నాను. పంపేముందు మీరు నేర్పినట్టే మన షాపులో ఉన్న అలాంటి డబ్బాకే తగిలించి విన్నాను. "టిక్" మని శుభ్రంగా కూసింది. నమ్మకం కుదరక ఆపి మళ్ళీ విన్నాను. దారిలో అదిరిపోతుందేమోనని దూదిలో చుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టాను.

సిగ్నల్ లేని ఫోను అంతసేపు ఎలా మోగుతుందండీ? మీకేదో అయింది, నాకు చెప్పడం లేదు. గుండెల్లో నొప్పా? పడ్డారా? ఒంట్లో బాగాలేకపోతే ఆ డబ్బా తుక్కుకే పోనివ్వండి, మీరు వచ్చేయండి. రోడ్డు మీద లారీ ఆగితే చాలు, లేచి గుమ్మంలోకి వెళ్తున్నాను.

నిద్రపట్టని,
మీ అప్పలమ్మ

*

మిల్లు నుంచి

అప్పలమ్మా,

నువ్వు పంపిన స్పీకరూ చచ్చినదే. సరిగ్గా చూసే పంపావా? లేక దారిలో వైరు తెగిందా? రెండు వైపులా తిప్పి పెట్టాను, ఒక్క కూత లేదు. సొరుగులో ఇంకా రెండున్నాయి, రెండూ పంపు.

గుమస్తాలు నన్ను చూసి వాళ్ళలో వాళ్ళు నవ్వుకుంటున్నారు. ఎందుకో తెలియడం లేదు. నా ఒంటికేమీ కాలేదు. ఊరికే ఊహించుకుని ఊరంతా చెప్పకు.

కృపానిధి

*

చీపురుపల్లి, శుక్రవారం

ప్రియమైన మెర్సీ నాన్నకు,

స్పీకర్లు పంపడం లేదు. ముందు ఇది చదవండి.

మీ ఉత్తరం ఇచ్చి గంగులు వెళ్ళిపోబోతుంటే చెయ్యి పట్టి ఆపాను. "నిజం సెప్పరా, మీ మావకేటైనాది?" అన్నాను. అతను నవ్వాడు.

"సిగ్నల్ నేకపోడమేటత్తా? నేనక్కడ నుంచే మా ఇంటిదాంతో దెబ్బలాడతన్నాను. మావ బాగానే ఉన్నాడు. ఆ డబ్బా కూతెడతంటే గుమస్తాలు సెవులు మూసుకుంటన్నారు. మావేమో స్పీకరు వైరు పీకడం, ఊదడం, మళ్ళీ తగిలించడం. యెనకనుంచి ఎంత పిలిసినా తిరగనేదు. పనిలో పడితే మనిషి అంతే గదా!"

నేను నవ్వలేదు. కూత ఎలా ఉందిరా అని అడిగాను. రోడ్డు మీద నిలబడి కూసి చూపించాడు. ఒక పొడుగు, రెండు పొట్టి. "కూ... కుక్, కుక్."

షాపు తలుపు తీసి మన డబ్బా విప్పాను. మెమరీ ముక్క పీకి స్విచ్చి వేస్తే ఆగకుండా పొడుగ్గా ఏడ్చింది. పక్కింటి నారాయణమ్మ పరుగెత్తుకొచ్చింది, "ఏటే అప్పలమ్మా, కుక్కరు గానీ పేలిపోతాదా ఏటి?" అని. మెమరీ పెట్టేసి, తెర మీదికి బొమ్మ పంపే కార్డు పీకాను. ఒక పొడుగు, రెండు పొట్టి. గంగులు కూసిన కూతే. తప్పు విన్నానేమోనని నారాయణమ్మనూ వినమన్నాను. అదే.

మీ స్పీకర్లు చావలేదండీ.

చర్చిలో పాట మీరు అందరికంటే ఒక చరణం వెనక పాడుతుంటే, వయసు కదా అనుకున్నాను. కుక్కరు కూస్తుంటే పొయ్యి పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చుంటే, బద్ధకం అనుకున్నాను. పిలిస్తే పలకకపోతే, కోపం అనుకుని వంటింట్లో ఏడ్చాను. కోపం కాదన్నమాట. వినిపించడం లేదని నాకెందుకు చెప్పలేదు? నేను దిగులు పడతాననా? చెప్పకపోతే పడలేదా?

చెవుల డాక్టరు ఎక్కడో ఉంటాడు, తర్వాత వెతుకుదాం. ముందు ఆదివారం గడవాలి.

మన డబ్బాలోని బొమ్మ కార్డు విప్పి తీశాను. పట్టుగుడ్డ రాపిడికి కరెంటు పుట్టి కార్డు పాడవుతుందని మీరన్నది గుర్తే, కాగితంలోనే చుట్టాను. ఈ ఉత్తరం గంగులుతో వస్తుంది. కార్డు మాత్రం నేనే తెస్తున్నాను. రేపు విజయనగరంలో బండి మారి రాయగడలో దిగుతాను. ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళలేదు, తప్పు బండి ఎక్కుతానేమోనని బండి పేరు చీటీ మీద రాసి పెట్టుకున్నాను. అయినా వస్తాను.

ఆ కార్డు కాక ఇంకేదైనా పోయి ఉంటే? అదీ ఆలోచించాను. కాటా గదిలో మీ పక్కన కూర్చుంటాను. అన్నం తెచ్చిన ఆడమనిషి అనుకుంటారు, అనుకోనివ్వండి. డబ్బా పొడుగ్గా కూస్తే మీ భుజం మీద చెయ్యి ఆనించి ఉంచుతాను. పొట్టిగా కూస్తే వేలితో తడతాను. ఏ కూతకు ఏ జబ్బో మీకు తెలుసు. వినడం నా పని.

స్టేషనుకు రండి. జనంలో కనిపించకపోతే కంగారు పడకండి, ఆ కంగారు నేను పడతాను. వెనకనుంచి మాత్రం పిలవను. మీ ఎదురుగా వచ్చి నిలబడతాను.

మీ అప్పలమ్మ