చైనా హీరో నోట నా ఉపన్యాసం

ఆదివారం రాత్రి, మూకండపల్లి

సమ్మె కాగితం మీద సంతకం పెట్టలేదని నిన్న ఫ్యాక్టరీ క్యాంటీన్లో అందరి ముందూ మల్లికను పిరికిది అన్నాను. అయినా ఈ మధ్యాహ్నం లైన్లో మాతో పనిచేసే వాళ్ళందరితోపాటు నన్నూ సినిమాకు ఇంటికి పిలిచింది. చైనా సినిమా, మాండరిన్. తెర కింద పడే ఇంగ్లీషు మాటలను తెలుగులో చదివి చెప్పే పని నాది.

మంచు కురిసే వంతెన మీద ప్రేమికులిద్దరూ కత్తులు దూశారు. హీరో ఏదో అన్నాడు. నేను ఆవేశంగా, "ఈ దొరల రాజ్యం కూలేదాకా మనకు పెళ్ళి లేదు" అని చదివాను.

మల్లిక పకపకా నవ్వింది. "అంత యాడ చెప్పినాడప్పా? చలిగా ఉందా అని అడిగినాడు, అంతే. నాకూ ఇంగ్లీషు చదవనొస్తాది."

"ఈయప్ప చైనాలో గూడా యూనియన్ పెట్టేస్తాడు" అని లైన్లో నా పక్కన పనిచేసే మునిరాజు అందుకున్నాడు.

కోపం వచ్చింది కానీ తెర నుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఆ తర్వాత మల్లికే చదివింది. అంత వేగంగా కత్తులు తిప్పుతూ కూడా ఆ ఇద్దరూ ఒకరి ఒంటి మీద ఒకరు కత్తి గీత పడనివ్వలేదు. ప్రేమ సినిమాలు కార్మికుడికి మత్తుమందని చెప్పే నాకే కళ్ళు చెమర్చాయి.

వచ్చేటప్పుడు ఏం నచ్చిందని మల్లిక అడిగితే అదే చెప్పాను.

"నాతో కొట్లాడేటప్పుడు నువ్వు అట్ల గీత పడకుండా చూసుకుంటావా?"

లేదన్నాను.

"వచ్చే ఆదివారం ఇంకోటి చూస్తాము, రా. చదివేది మాత్రం నేనే."

గది దాకా నడిచినట్టే లేదు, గాలిలో తేలి వచ్చినట్టుంది. అందరి ముందూ అన్న మాటను రేపు అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. మునిరాజు ఏమంటాడో, అననీ...