ఇరవై రెండు ఒకట్లు

కికిందా, మే 14

తాతయ్యా,

మా కాలేజీకి నువ్వు రాసిన ఆ ఫిర్యాదు పోస్టు చేయకు. ఒక గుక్క రకియా సారా తాగి, ముందు ఇది చదువు. నాకు ఇరవై రెండు ఒకట్లు వచ్చాయని అమ్మ చెప్పింది నిజమే. కానీ నేను శిక్షణలో తప్పలేదు.

టీచర్ శిక్షణలో భాగంగా చెక్ దేశపు మూడో తరగతి పిల్లలకు కంప్యూటర్ తెర మీద ఇంగ్లీషు చెబుతున్నాను కదా. మొదటి రోజు అమాల్కా అనే పిల్ల జవాబులన్నీ చక్కగా చెప్పింది. నువ్వు బళ్ళో మాకు వేసినట్టే ఎర్ర పెన్సిలుతో పెద్ద ఐదు వేసి చూపించాను. ఆ పిల్ల బల్ల కింద దూరి ఏడ్చింది.

"అక్కడ ఐదంటే తప్పినట్టు, ఒకటంటే గొప్ప. మన లెక్కకి తలకిందులు! ఆమాత్రం కనుక్కోకుండా పాఠం చెప్పడానికి కూర్చున్నావా తల్లీ?" అని మా మేడమ్ చీవాట్లు పెట్టింది.

కన్నీళ్ళు తుడుద్దామంటే తెరలోంచి చెయ్యి పోదు. మర్నాడు ఐదంకె నుదుటికి అంటించుకుని, "ఇది నాకే" అన్నాను. అమాల్కా పకపకా నవ్వింది.

నిన్న చివరి పాఠం. ఇరవై రెండు మందీ నాకు ఒకటంకె వేసిన కాగితాలు పైకెత్తారు. వెనక నుంచి చూసిన అమ్మ గుండె పట్టుకుని నీకు ఫోన్ చేసింది.

ఇంకో మాట. నాలుగో తరగతిలో ఎక్కాలకి నువ్వు నాకు ఒకటి వేశావు, గుర్తుందా? పదమూడేళ్ళుగా అలిగే ఉన్నాను. అదీ చెక్ వాళ్ళ ఒకటే అనుకుని ఇవాళ్టితో క్షమించేశాను.

నీ మనవరాలు