తీసేసిన స్ప్రింగ్

అన్నయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ అమ్మాయి స్వాతి నడపగలిగితేనే నీ స్పోర్ట్స్ కారు ఉంచుతానని, లేదంటే అమ్మేస్తానని వదిన అంది. అందుకే పొద్దున్న క్లచ్ పెడల్‌ను తేలిక చేసే స్ప్రింగ్ మళ్లీ బిగించాను. క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో పాదానికి తెలియనివ్వడం లేదని నువ్వు పీకి అవతల పెట్టిన స్ప్రింగే. చూస్తే నన్ను తిట్టేవాడివి.

స్వాతి రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ ఇంజన్ ఆగిపోయింది.

"బాబాయ్, ఎక్కడ క్యాచ్ అవుతుందో ఫీల్ అవట్లేదు. నాన్న పెట్టినట్టే పెట్టెయ్," అంది.

కిందికి దూరి స్ప్రింగ్ తీసేశాను. లేచి చూస్తే, బూట్లు విప్పి డ్రైవ్‌వేలో పెట్టి, నీలాగే ఉత్తికాళ్లతో సీట్లో కూర్చుంది. పెడల్ బరువుకు మోకాలు వణికింది కానీ ఇంజన్ ఆగలేదు. ఇంజన్ చప్పుడు వినాలని పాటల క్యాసెట్ కూడా పెట్టనివ్వకుండా శాంటా క్లారా ఊరంతా తిప్పింది.

నీలాగే బూట్లు డ్రైవ్‌వేలో మరిచిపోయింది. అలా ఉత్తికాళ్లతో ఆఫీసుకు వెళ్లిపోయావని నిన్ను ఎన్నిసార్లు తిట్టిందో వదిన. మేము తిరిగొచ్చేసరికి ఆ బూట్లు ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.