బాటిల్ మీద కొట్టిన పేరు

నరసరావుపేట

ప్రియమైన జయకర్ బావా,

బాగున్నావా? నీ మెసేజీకి ఇన్నాళ్ళకి జవాబిస్తున్నా, ఏమనుకోమాక. పెళ్ళిళ్ళ సీజను కదా, కొట్లో స్టీలు సామాన్లు కొన్నోళ్ళంతా పేర్లు కొట్టమని కూర్చుంటున్నారు. ఇంటిపేరు ముందు పడకపోతే బిందె వెనక్కి తెస్తారు! ఫోన్లో గబగబా కొడుతున్నా, తప్పులుంటే సర్దుకో.

మన అక్షయ గురించి అడగాలి. పదో తరగతిలో పడ్డాక జపాను బొమ్మల సినిమాల పిచ్చి పట్టుకుంది. నువ్వు చిలకలూరిపేటలో కూర్చుని వాటికే తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తావు, నీకంటే తెలిసినోళ్ళు నాకెవరున్నారు?

ఫోన్లో ఏదో గ్రూపంట. దాని పెద్దని సెన్సేయ్ అంటారు, మాస్టారని అర్థమంట. మొహం ఎవరూ చూళ్ళేదు. చేరిన ప్రతి పిల్లకీ జపాను పేరు పెడతాడు. "నీ పేరేందమ్మా?" అంటే, "ఇంట్లో చెప్తే తీసేస్తారు నాన్నా" అంటది. అక్షయా అని పిలిస్తే మూడోసారికి గానీ పలకట్లా. మొన్న ఒకటే గంతులు, "సెన్సేయ్ నా పేరు చివర 'చాన్' తీసేశాడు!" అని. తోక తీసేస్తే అంత సంబరం ఏంది బావా? ఆదివారం విజయవాడలో సినిమా చూపిస్తాడంట. ఒక్కతే రావాలంట. మా సుబ్బరత్నానికి ముద్ద దిగట్లా. ఏం చెయ్యమంటావు?

నీ
బ్రహ్మాజీ


చిలకలూరిపేట

ప్రియమైన బ్రహ్మాజీ బావా,

నీ ఉత్తరం చూసి నవ్వొచ్చింది. స్టీలు కొట్టోడివి, ఇంత మెత్తనోడివేంది?

జపానోళ్ళూ మనలాగే ఇంటిపేరు ముందు పెడతారు. పేరు చివర 'సాన్' అంటే మన గారు లాంటిది. 'చాన్' చిన్నపిల్లలకి, ముద్దుకి. అదీ తీసేసి ఒట్టి పేరుతో పిలిచారంటే రెండే అర్థాలు. ప్రాణమంత దగ్గరన్నా అయ్యుండాలి, మర్యాదకి తగనోళ్ళన్నా అయ్యుండాలి. ఇక్కడ మొదటిదేలే. గురువుకి నమ్మకం కుదిరింది.

ఫోను లాక్కోమాక, బిడ్డ మూసుకుపోద్ది. ఆదివారం పంపించు, ఒక్కదాన్నే. చెల్లెమ్మకి నేను చెప్పానని చెప్పు.

ఇంకో మాట. కొట్లో మంచి స్టీలు బాటిల్ ఒకటి తీసి, దాని మీద 'షిరాకవా కొహారు' అని కొట్టివ్వు. షిరాకవా ఇంటిపేరు, అదే ముందు. నాన్న తన వైపే ఉన్నాడని పొంగిపోద్ది చూడు.

నీ మేలు కోరే
జయకర్


జయకర్,

ఆదివారం రాకముందే, బాటిల్ నువ్వు చెప్పినట్టే చేశా. పిల్లలకి నచ్చే ఏదో జపాను పేరు రాశావనుకున్నా. నా చేత్తోనే కొట్టా, ఇంటిపేరు ముందు.

స్కూలు నుంచి రాగానే ఇచ్చా. పొంగిపోలా. బాటిల్ చేతిలోంచి జారి, కొట్టు గడప మీద పడి సొట్టపోయింది.

"నాన్నా, ఈ పేరు నీకెవరు చెప్పారు?"

"జయకర్ మావయ్య. ఏం, బాలేదా?"

"గ్రూపులో అందరికీ కొహారు అనే తెలుసు. ఆ ఇంటిపేరు సెన్సేయ్ నాకు విడిగా పెట్టాడు. మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు నాన్నా."

ఫోను తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో సెన్సేయ్ తనకి రాసినవి సగం చదివి సుబ్బరత్నం బయటికి పోయి కూర్చుంది. నేను చివరిదాకా చదివా.

ఆ ఇంటిపేరు మీ ఇద్దరికే తెలుసని రాసేటప్పుడు మర్చిపోయావో, నువ్వు పెట్టిన పేరు నా చేత కొట్టించి చూసుకోవాలనుకున్నావో నాకు తెలియదు. అక్షయ బారసాలనాడు బియ్యంలో ఉంగరంతో పేరు రాసింది నేను. పళ్ళెం కదలకుండా పట్టుకున్నది నువ్వు. ఆ పేరు చాల్లేదా నీకు?

అక్షయ ఇప్పుడు మొదటి పిలుపుకే పలుకుతుంది. రాత్రిళ్ళు మాత్రం వాళ్ళమ్మ చెయ్యి వదలట్లా. గ్రూపులో మిగతా పిల్లలకి ఒక్కొక్కళ్ళకే ఫోన్ చేసి, అసలు పేర్లు అడిగి, వాళ్ళ నాన్నల నంబర్లు తీసింది.

ఈసారి బావా అని రాయలా, చూశావుగా. ఒట్టి పేరుకి రెండర్థాలన్నావు. ఇది ఏదో నీకే తెలుసు.

మీ వీధి చివర టీ కొట్లో కూర్చుని టైపు చేస్తున్నా. ఆ పిల్లల నాన్నలు నా పక్కనే ఉన్నారు. ఎస్సై గారు టీ తాగుతున్నారు, అక్షయ ఫోను ఆయన జేబులో ఉంది. నీ ఇంటి వెనక సందులో కానిస్టేబులు అక్రం నిలబడ్డాడు. ఇప్పుడే నీ కిటికీ తెర కదిలింది.

సొట్టబాటిల్ తెచ్చా. కిందకి నువ్వు దిగుతావా, మమ్మల్ని పైకి రమ్మంటావా? చెప్పు జయకర్, ఎప్పుడు కలుద్దాం?

అక్షయ నాన్న