రోజుకి పది మైళ్ళు

ఏమండీ,

ఈరోజు మీ తద్దినం. సైకిలు ప్రాక్టీసుకని వెళ్ళి, ఈ పరదేశపు ఊరు ఎడిసన్‌లో మన వీధి చివరే ట్రక్కు కింద పడి మీరు పోయి రెండేళ్ళు. కొండవీడు పక్కనే పుట్టి ఒక్కనాడూ ఆ కొండమీది కోట ఎక్కని మీకు ఫ్రాన్సు కోటలు కావలసి వచ్చాయి.

మీరు మ్యాపులో గీసిన దారినే సైకిలు తొక్కి, మన మనవరాలు నిన్న తిరిగొచ్చింది. పాత కోటగోడల ఊళ్ళలో అలికిడే లేదట, బురుజుల మీద కాకులేనట.

"రోజుకి పది మైళ్ళే మార్క్ చేశాడు అమ్మమ్మా. తాతయ్య అంత స్లోనా?" అంది.

పది దాటితే నా మోకాళ్ళు ఒప్పుకోవని అన్నది నేనే. రానని చెప్పడానికి అన్న మాట అది. మీరు ఒక్కరే వెళ్తారనుకున్నాను.

"మీ తాతయ్యకి మొదట్నుంచీ ఒళ్ళు వంగదులే" అన్నాను.

కాదనడానికి మీరు లేరు.